విజయనగరంలో 24 గంటల రీడింగ్ రూమ్: షిఫ్టు ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్ళే బజారును ఆనుకుని ఉన్న ఒక సందులో, మందుల దుకాణం మీద రెండో అంతస్తులో ఉన్న రీడింగ్ రూమ్ గురించి ఈ సమీక్ష. బోర్డు మీద "రీడింగ్ రూమ్, ఏసీ, వైఫై, 24 గంటలు" అన్న మాటలూ ఒక ఫోన్ నంబరూ తప్ప పేరంటూ ఏదీ లేదు. చదువుకునే పిల్లలు దాన్ని "మేడ మీద రూమ్" అంటారు, ఆ మాట చెబితే కింద ఆటోవాళ్ళు కూడా దారి చూపిస్తారు. ఇలాంటి గదుల్లో చాలావరకు గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు, రైల్వే పరీక్షలకు పగలంతా కూర్చుని చదివేవారిని దృష్టిలో పెట్టుకుని నడిచేవే. వారికి ఇది బాగా నప్పుతుంది, అందులో సందేహం లేదు. నేను రాస్తున్నది మాత్రం ఉద్యోగం వదలకుండా వృత్తిపరమైన అర్హత పరీక్షకు చదువుతున్నవారి కోసం, ముఖ్యంగా వారం వారం షిఫ్టు మారేవారి కోసం.

నేను పైడిభీమవరంలోని ఒక మందుల కర్మాగారంలో యుటిలిటీస్ విభాగంలో పనిచేస్తాను. బాయిలర్లు, చిల్లర్లు, ఎయిర్ కంప్రెసర్లు, కూలింగ్ టవర్లు మా బాధ్యత. చదువుతున్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తరఫున జరిగే ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద డిజిగ్నేటెడ్ కన్స్యూమర్లుగా, అంటే ఇంధనం భారీగా వాడేవిగా గుర్తించిన సంస్థల్లో అర్హత ఉన్న ఎనర్జీ మేనేజర్ ఉండి తీరాలి, ఆ అర్హత ఈ పరీక్షతోనే వస్తుంది. మొదటి మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజర్, నాలుగోది కూడా పాసైతే ఎనర్జీ ఆడిటర్. మొదటి పేపరులో ఇంధన నిర్వహణ, ఆడిట్ సాధారణ విషయాలు, రెండో దానిలో బాయిలర్లు, ఫర్నేసుల వంటి థర్మల్ యుటిలిటీలు, మూడో దానిలో మోటార్లు, పంపులు, రిఫ్రిజిరేషన్ వంటి ఎలక్ట్రికల్ యుటిలిటీలు ఉంటాయి. ఈ మూడూ 3 గంటల చొప్పున 150 మార్కులకు, నాలుగోది 2 గంటలు 100 మార్కులకు, అదీ పుస్తకాలు ఎదురుగా పెట్టుకుని రాసేది. ప్రతి పేపరులోనూ 50 శాతం రావాలి. ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవారికి 3 ఏళ్ళు, డిప్లొమా ఉన్నవారికి 6 ఏళ్ళు పని అనుభవం ఉంటేనే రాయనిస్తారు కాబట్టి, ఈ పరీక్షకు ఇంట్లో కూర్చుని చదివే నిరుద్యోగి దాదాపు ఉండడు. రాసేవారంతా డ్యూటీ దిగి, బస్సు దిగి, ఆ తర్వాత పుస్తకం తెరిచేవారే. రీడింగ్ రూమును నేను చూసింది ఆ కోణం నుంచే.

ముందు రుసుముల సంగతి. ఇక్కడ మూడు రకాల సభ్యత్వాలు ఉన్నాయి. సగం రోజుకు నెలకు 700 రూపాయలు, పూర్తి రోజుకు 1,200, సొంత సీటూ తాళం వేసుకునే అరా కలిపి 1,500. సగం రోజు అంటే పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, లేదా 2 నుంచి రాత్రి 10 వరకు. ఈ వేళలు చూసి కర్మాగారాల్లో పనిచేసేవారు ఇది తమకోసమే పెట్టినట్లుందని సంబరపడతారు, ఎందుకంటే మన ఏ, బీ షిఫ్టులు సరిగ్గా అవే వేళలు. చిక్కంతా అక్కడే ఉంది. పొద్దుటి సభ్యత్వం తీసుకుంటే నెలంతా పొద్దున్నే రావాలి, సాయంత్రానిది తీసుకుంటే నెలంతా సాయంత్రమే. మన షిఫ్టు మాత్రం వారం వారం మారుతుంది. ఏ షిఫ్టు వారంలో సాయంత్రం కావాలి, బీ షిఫ్టు వారంలో పొద్దున కావాలి, నైట్ డ్యూటీ వారంలో ఎప్పుడు కావాలో మన ఒంటికే తెలియదు. నెల మధ్యలో వేళ మార్చడానికి యజమాని ఒప్పుకోరు. మార్చితే ఆ వేళకు కట్టిన పిల్లలకు సీటు ఉండదన్నది ఆయన వాదన, అందులో న్యాయం లేకపోలేదు. కనుక సగం రోజు సభ్యత్వం జనరల్ షిఫ్టు వారికి, బ్యాంకులూ కార్యాలయాల్లో పనిచేసేవారికి మాత్రమే పనికొస్తుంది. షిఫ్టు ఉద్యోగి దాని జోలికి పోనక్కరలేదు.

పూర్తి రోజు సభ్యత్వంలో ఇబ్బంది వేరు. సీటు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి, గోడవైపు మంచి సీట్లన్నీ 8 గంటలకల్లా నిండిపోతాయి. మధ్యాహ్నం మూడున్నరకు కంపెనీ బస్సు దిగి వచ్చేవాడికి మిగిలేది తలుపు పక్క సీటు, లేకపోతే నీళ్ళ క్యాను ఎదుటి సీటు. రెండింటి దగ్గరా నిమిషానికొకరు నడుస్తూనే ఉంటారు. పైగా పుస్తకాలు రోజూ మోసుకురావాలి. ఈ పరీక్షకు నాలుగు లావుపాటి గైడు పుస్తకాలు, వాటితోపాటు స్టీమ్ టేబుల్స్ (ఆవిరి లెక్కల పట్టికలు), సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, పాత ప్రశ్నపత్రాల కట్ట కావాలి. సేఫ్టీ బూట్లు, టిఫిను డబ్బా ఉన్న సంచిలో అవన్నీ పట్టవు. ఏ రోజు ఏ పుస్తకం తేవాలో ముందురోజే నిర్ణయించుకోవలసి వస్తుంది, మనల్ని విడిపించాల్సిన తర్వాతి షిఫ్టు మనిషి రాక డబుల్ డ్యూటీ పడిన రోజున ఆ నిర్ణయం కాస్తా తలకిందులవుతుంది. అందుకే 1,500 రూపాయల సొంత సీటు తీసుకోవడమే మేలన్నది నా అభిప్రాయం. అదనంగా కట్టే 300 రూపాయలకు మనకు దక్కేది కుర్చీ అనుకోకూడదు. తెరిచి వదిలేసిన పుటలోకి మరునాడు నేరుగా వెళ్ళగలగడం దక్కుతుంది. రోజుకు రెండు మూడు గంటలే చేతిలో ఉన్నవాడికి, పుస్తకాలు సర్దుకుని ఎక్కడిదాకా చదివామో వెతుక్కోవడంలో పోయే పావుగంట చిన్నదేమీ కాదు.

అయితే ఖరీదు విషయం దాచనక్కరలేదు. రోజుకు పది గంటలు కూర్చునే డీఎస్సీ అభ్యర్థికి పూర్తి రోజు సభ్యత్వం గంటకు 4 రూపాయలు పడుతుంది. నెలకు అరవై గంటలైనా కూర్చోలేని ఉద్యోగికి సొంత సీటు గంటకు 25 రూపాయలు పడుతుంది. యూనిట్ ఖర్చు లెక్కలు రోజూ చేసేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు మొదట గుచ్చుకుంది. కానీ ఊళ్ళో మరో దారి కూడా లేదు. గంటల లెక్కన, లేదా నెలకు ఇన్ని గంటలని అమ్మే సభ్యత్వం ఒకటి పెడితే కర్మాగారాలవాళ్ళూ ఆసుపత్రుల స్టాఫ్ నర్సులూ చాలామంది చేరతారని యజమానికి చెప్పాను. ఆయన తల ఊపారు, పెట్టలేదు.

ఏ వారంలో ఈ గది ఎంత పనికొస్తుందో విడివిడిగా చెప్పడం అవసరం. అందరూ అనుకునేదానికి భిన్నంగా, చదువుకు అన్నిటికన్నా మంచిది బీ షిఫ్టు వారం. పొద్దున 7కు వస్తే బస్సు వేళ వరకు నిద్ర తీరిన బుర్రతో నాలుగైదు గంటలు దొరుకుతాయి. అప్పటికి గదిలో పదిమందికి మించి ఉండరు, మిగతావాళ్ళు టిఫిన్లు కానిచ్చుకుని 9 తర్వాతే వస్తారు. బాయిలర్ దక్షతను పరోక్ష పద్ధతిలో కట్టడం వంటి పెద్ద లెక్కలు, అంటే పొగగొట్టంలో పోయే వేడి, ఇంధనంలోని హైడ్రోజన్, తేమల వల్ల పోయేది, కాలకుండా మిగిలిపోయేది ఒక్కొక్కటే లెక్కగట్టి నూటిలోంచి తీసివేసే పని, ఈ వారానికే దాచుకోవాలి. ఏ షిఫ్టు వారంలో మధ్యాహ్నం మూడున్నరకు గది కిటకిటలాడుతూ ఉంటుంది, మనకు కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇంటికి పోయి గంటసేపు పడుకుని, ఆరు దాటాక రావడం మంచిది. నైట్ డ్యూటీ వారంలో దిగిన వెంటనే ఇటు రావడం గురించి సలహా అడిగితే, సిద్ధాంతం చదవడానికి రావద్దంటాను, లెక్కలు చేయడానికైతే రావచ్చు. మోటారు లోడింగు శాతం కడుతుంటే చెయ్యి కదులుతుంది కాబట్టి నిద్ర కాసేపు ఆగుతుంది. చట్టంలోని సెక్షన్లు చదువుతుంటే ఆగదు.

బల్లల విషయంలో నా ఫిర్యాదు గట్టిది. ఒక్కొక్క బల్ల రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, రెండు వైపులా ప్లైవుడ్ అడ్డు. ఒక పుస్తకం, ఒక నోటుబుక్కు పెట్టుకుని బిట్లు చదివేవారికి ఇది చాలు. నాలుగో పేపరు సాధన చేసేవాడికి చాలదు. పుస్తకాలు చూసి రాసే పరీక్ష అనగానే తేలికనుకుంటారు గానీ, రెండు గంటల్లో సూత్రం ఏ పుటలో ఉందో వెతుక్కునే తీరిక ఉండదు. ఏది ఎక్కడుందో చేతికి అలవాటు కావాలి, ఆ అలవాటు పుస్తకాలన్నీ పరుచుకుని సాధన చేస్తేనే వస్తుంది. ఇక్కడి బల్ల మీద రెండో పుస్తకం తెరిస్తే మొదటిది ఒళ్ళోకి జారుతుంది. దీనికి పరిష్కారం బయటి వరండాలో దొరికింది. టిఫిను తినడానికి వేసిన పొడవాటి బల్ల ఒకటి అక్కడ ఉంది, రాత్రి 9 తర్వాత దాని మీద ఎవరూ ఉండరు. యజమానిని అడిగితే కాదనలేదు, పైగా ఒక లైటు కూడా మార్పించారు. దోమలున్నాయి, దోమల చుట్ట వెలిగించుకోవాలి. అయినా నాలుగో పేపరుకు లోపలి ఏసీ సీటు కన్నా వరండా బల్లే నయం.

గాలి గురించి కొంచెం వివరంగా రాస్తాను, చదువుతున్న విషయం కూడా అదే కాబట్టి. గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు ఉన్నాయి. ఒక టన్ను రిఫ్రిజిరేషన్ అంటే గంటకు 3,024 కిలోక్యాలరీల వేడిని తీసివేయడం. ఆ లెక్కన ఒక్కొక్క ఏసీ సుమారు 5.3 కిలోవాట్లు, రెండూ కలిసి పదిన్నర కిలోవాట్ల వేడిని లాగగలవు. కదలకుండా కూర్చున్న మనిషి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 46 సీట్లూ నిండితే మనుషుల వేడే నాలుగున్నర కిలోవాట్లు దాటుతుంది, అంటే ఏసీల శక్తిలో నలభై శాతానికి పైగా మనకోసమే ఖర్చవుతుంది. మిగిలినదాంతో అవి వైశాఖ మాసపు ఎండలో కాగిన పైకప్పు స్లాబుతో పోరాడాలి. అందుకే ఎండాకాలం మధ్యాహ్నాల్లో బోర్డు మీది "ఏసీ" అన్న మాటను పూర్తిగా నమ్మకూడదు. ఉక్క భరించలేక ఎవరో ఒకరు లేచి రిమోటుతో 18 డిగ్రీలకు దించుతారు. ఒకే వేగంతో తిరిగే పాతకాలపు ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసరు 18 చూసి ఎక్కువ చల్లదనం ఇవ్వదు, ఆగకుండా తిరుగుతుంది, అంతే. స్టారు గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది, ఈ రెండు మిషన్లు అంతకన్నా పాతవి.

వేడి కన్నా నన్ను ఎక్కువ బాధించింది కొత్తగాలి రాకపోవడం. ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది గానీ బయటి గాలిని తీసుకురాదు. కిటికీలన్నీ మూసి, సందులకు టేపు అంటించిన గదిలో నలభై మంది ఊపిరి పీలుస్తూ ఉంటే సాయంత్రం 5 గంటలకల్లా అందరికీ ఒకేసారి ఆవలింతలు మొదలవుతాయి. నిద్ర లేనివాడికి అది బద్ధకమో గాలిలేమో తేల్చుకోవడం కష్టం. వెనక గోడకు ఎగ్జాస్టు ఫ్యాను ఉంది, శబ్దం వస్తోందని పిల్లలు ఆపేస్తారు. గంటకొకసారి పది నిమిషాలు దాన్ని వేయిస్తే సగం మందికి టీ అవసరం తగ్గుతుంది. ఇది నేను యజమానికి కాగితం మీద రాసి ఇచ్చాను, ఇప్పుడు సాయంత్రం పూట వేస్తున్నారు. ఇది ఆయన గొప్పతనం, ఒప్పుకోవాలి.

వెలుతురుకు వంక పెట్టనక్కరలేదు, ప్రతి బల్లకూ విడిగా ఎల్‌ఈడీ పట్టీ ఉంది. ఇన్వర్టరు ఉంది, కరెంటు పోతే లైట్లూ ఫ్యాన్లూ ఆగవు, ఏసీలు ఆగుతాయి. మరుగుదొడ్డి పర్వాలేదు. వైఫై పాఠాల వీడియోలకు సరిపోతుంది. బండి పెట్టుకునే చోటు మాత్రం సందులో దొరకదు, బజారు వైపు పెట్టి నడిచి రావాలి.

నిశ్శబ్దం పాటించడంలో ఇక్కడి క్రమశిక్షణ మెచ్చదగ్గది. ఫోను మోగితే రెండోసారికి సభ్యత్వం రద్దని గోడ మీద రాసి ఉంది, రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి. క్యాలిక్యులేటర్ మీటల చప్పుడుకు పక్కబల్ల వారు మొదట్లో తిరిగి చూసేవారు. మెత్తని మీటలున్నది కొనుక్కోవడం మంచిది. బయటి శబ్దం ఎవరి చేతిలోనూ లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, మూడుసార్లు తిరుగుతుంది, ముందురోజు తొలేళ్ళ ఉత్సవం. ఆ రెండు రోజులూ ఈ వీధుల్లోకి బండే రాదు, చదువు ప్రసక్తి అసలే ఉండదు. పరీక్ష ఆ నెలల చుట్టుపక్కల పడితే వేరే ఏర్పాటు ముందే చూసుకోవాలి. అలాగే పెద్ద నోటిఫికేషన్లు వచ్చినప్పుడు సీటు దొరకదని గుర్తుంచుకోవాలి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించిన కాలంలో మెట్ల మీద కూడా కూర్చుని చదివారు.

ఆ రద్దీలోనే సొంత సీటు మాట కొంతకాలం నిలబడలేదు. నేను డ్యూటీలో ఉన్న వేళల్లో నా సీటును రోజువారీ రుసుము మీద వేరేవాళ్ళకు ఇచ్చారు. పుస్తకాలు అరలోనే ఉన్నాయి గానీ, బల్ల మీద టీ మరకలూ, నేను అంటించుకున్న సూత్రాల కాగితం మీద ఎవరివో రీజనింగ్ లెక్కలూ కనిపించాయి. అడిగితే యజమాని బుకాయించలేదు. "ఖాళీగా ఉంది కదా బాబూ, పిల్లలు నిలబడి ఉంటే చూళ్ళేక ఇచ్చీసినాను" అన్నారు. ఆ నెల రుసుములో 300 తగ్గించారు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు గానీ, సొంత సీటని డబ్బు తీసుకున్నాక దాన్ని మరొకరికి ఇవ్వడం సరికాదు, ఇవ్వదలచుకుంటే ముందే చెప్పి రుసుము తగ్గించాలి. ఇప్పుడు నా బల్ల మీద ఒక అట్టముక్క వేలాడుతోంది, "షిఫ్టు డ్యూటీ" అని ఆయనే స్వయంగా రాసి పెట్టారు. తెల్లవారి వస్తే "డూటీ దిగి ఇటే వచ్చీసినారేటి, టిఫిను అయిందా?" అని అడిగి మరీ లోపలికి పంపుతారు. ఇలాంటి పలకరింపుకు రేటింగు ఎలా ఇవ్వాలో నాకు తెలియదు.

దీనికి బదులుగా ఊళ్ళో ఏమున్నాయంటే, జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. రూపాయి ఖర్చు లేదు, పత్రికలు చదవడానికి దానికి మించినది లేదు. కానీ శుక్రవారం సెలవు, రాత్రి ఉండదు, మన తీరిక ఆ వేళలకు కుదరదు. వీక్లీ ఆఫ్ శుక్రవారం కానివారు ఆఫ్ రోజున అక్కడికి వెళ్ళవచ్చు, నేనూ వెళ్తాను. కంపెనీ బస్సులో చదవడం మొదటి పేపరులోని చట్టాలు, నిర్వచనాల వంటి వాటికి మాత్రమే కుదురుతుంది, హైవే మీద బస్సు కుదుపుల్లో స్టీమ్ టేబుల్ చూడబోతే పక్క వరుసలోని అంకె పడుతుంది. ఇంటి సంగతి పెళ్ళయినవారికి వివరించనక్కరలేదు.

నా సలహా ఇది. ఏడాది పొడవునా సభ్యత్వం కట్టవద్దు. పరీక్ష తేదీ ప్రకటించాక, రాయడానికి మూడు నెలల ముందు సొంత సీటు తీసుకుంటే చాలు. అప్పటివరకు రెండో, మూడో పేపర్లలోని సగం విషయాలు కర్మాగారంలోనే నేర్చుకోవచ్చు. పంపు మీద రీడింగు తీసి లాగ్ షీటులో రాసేటప్పుడే దాని దక్షత కట్టి చూసుకునే అలవాటు ఉన్నవారికి ఏ గదీ అక్కరలేదు. జనరల్ షిఫ్టు వారు 700 రూపాయల సాయంత్రం సభ్యత్వంతో సరిపెట్టుకోవచ్చు. ఎండాకాలంలో మధ్యాహ్నం చదవాలనుకునేవారు, నాలుగో పేపరు ఒక్కటే మిగిలినవారు మరో చోటు చూసుకోవడం మంచిది. ఐదుకు మూడున్నర ఇస్తాను, బల్ల వెడల్పు పెంచితే నాలుగు.

చేరేటప్పుడు మూడు విషయాలు అడిగి తేల్చుకోండి. నెల లెక్క కట్టిన తేదీ నుంచా, ఒకటో తేదీ నుంచా అన్నది మొదటిది, ఇక్కడ ఒకటో తేదీ నుంచే. డ్యూటీలో ఉన్నప్పుడు సీటు ఎవరికీ ఇవ్వబోమని రశీదు మీద రాయించుకోవడం రెండోది. అర తాళానికి రెండో చెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది మూడోది. వెనక గోడ నుంచి మూడో వరుసలో, ఎగ్జాస్టు ఫ్యానుకు దగ్గరి సీట్లు రెండు ఈ నెలాఖరుకు ఖాళీ అవుతున్నాయని విన్నాను.